బొబ్బిలి పక్కనే ప్లాసీ

డిగ్రీ హిస్టరీలో దేశానివి, ప్రపంచానివి తేదీలన్నీ కలగాపులగం అయిపోతుంటే ఇలా చేసి చూడండి. లాంగ్ నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు మడతలు పెడితే మూడు గళ్లు వస్తాయి: మన ప్రాంతం (ఇక్కడ ఉత్తరాంధ్ర), దేశం, ప్రపంచం. ముందు మనవైపు తేదీ రాసి, అదే వరుసలో మిగతావి నింపండి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, జూన్‌లో బెంగాల్‌లో ప్లాసీ యుద్ధం, అప్పటికే యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం (1756-63). 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగారు. అదే నెల 28న పారిస్‌లో ఫ్రెంచ్ విప్లవ నాయకుడు రోబెస్పియర్ తల తెగింది. ఇక ఈ జత మర్చిపోదామన్నా మర్చిపోలేం! మధ్య గడి ఖాళీగా ఉన్నా పర్వాలేదు. రోజుకు ఐదు వరుసలు చాలు.

శాలిహుండం బౌద్ధ స్తూపాలు, ముఖలింగం గుళ్లు లాంటి వాటిని మాత్రం ఇందులో ఇరికించొద్దు. వాటికి శతాబ్దాలే తప్ప ఒక్క సంవత్సరం చెప్పలేం. కారణాలు రాయమనే పది మార్కుల ప్రశ్నకూ ఇది పనికిరాదు.