తుపానుకు ముందు బ్యాటరీ, జాతరకు ముందు తాళం: ట్యాబ్‌ను సిద్ధం చేసుకోవడం ఎలా?

ట్యాబ్ కొనగానే కవరు, స్క్రీన్ గార్డు వేయిస్తాం. సెట్టింగ్స్ జోలికి మాత్రం పోం. శ్రీకాకుళం, విజయనగరం వైపు ట్యాబ్‌కైనా ఫోనుకైనా రెండు గండాలున్నాయి. ఒకటి తుపానుకు కరెంటు పోవడం. రెండోది సిరిమానోత్సవం తోపులాటలోనో, కాంప్లెక్స్‌లో బస్సెక్కే హడావుడిలోనో అది మాయమైపోవడం. ఓ అరగంట కూర్చుంటే రెండింటికీ ఏర్పాటు చేసుకోవచ్చు.

1. ముందు వేడి తగ్గించండి

ఎంత శాతం దగ్గర ప్లగ్ తీయాలని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది వేడి. లిథియం అయాన్ బ్యాటరీ వేడెక్కేకొద్దీ లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి, పట్టే ఛార్జి తగ్గిపోతుంది. ఆ తగ్గింది మళ్ళీ రాదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఆపిల్ చెబుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది. అందుకే ఎండాకాలం ఛార్జింగ్ పొద్దున్నే గానీ, రాత్రి చల్లబడ్డాక గానీ పెట్టండి. కవరు తీసి గచ్చు మీద ఉంచండి, పరుపు మీద వద్దు. ఛార్జింగ్‌లో ఉండగా పిల్లలకు గేమ్ ఆడుకోమని ఇవ్వకండి.

తెర కాస్త పైకి లేచినా, వెనక ఉబ్బినట్టు కనిపించినా వెంటనే ఛార్జింగ్ ఆపేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళండి. నొక్కి సరిచేసే పని అస్సలు పెట్టుకోకండి.

2. 80 శాతం హద్దు పెట్టండి

చాలా ట్యాబుల్లో బ్యాటరీ ప్రొటెక్షన్ అనో, ఛార్జింగ్ లిమిట్ అనో ఉంటుంది. ఆన్ చేస్తే 80 దగ్గర ఆగుతుంది. రోజూ ప్లగ్‌లోనే ఉండే ట్యాబ్‌కు ఇది బాగా పనికొస్తుంది. కొత్త ట్యాబ్‌ను ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలన్నది పాతకాలం నికెల్ బ్యాటరీల నాటి మాట, వదిలేయండి.

3. సెలవుల్లో బీరువాలో పెట్టే ముందు

2022 డిసెంబరులో సర్కారు బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. అలాంటివి వేసవి సెలవులంతా వాడకుండా ఉంటే సున్నాకు దిగిపోయి, మళ్ళీ ఛార్జింగే ఎక్కకపోవచ్చు. సగం ఛార్జి ఉంచి, పూర్తిగా స్విచాఫ్ చేసి దాచండి.

4. తుపాను హెచ్చరిక రాగానే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజు ఆ 80 హద్దు తీసేసి నిండా ఎక్కించండి, పవర్ బ్యాంకు కూడా నింపండి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు నుంచి మనకు చేరేది సుమారు ఆరు వేలే. వోల్టేజీ మార్పులో, వేడిలో మిగతాది పోతుంది. అందుకని దాన్ని ఫోనుకే ఉంచండి, ట్యాబ్‌లో సినిమాలకు వద్దు.

కరెంటు పోయాక బ్యాటరీ సేవర్ వేసి, తెర వెలుతురు తగ్గించండి. టవర్లు పడిపోతే ఫోను సిగ్నల్ కోసం వెతికి వెతికి ఛార్జి ఖాళీ చేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి మెసేజ్‌లు చూసుకోండి. కరెంటు వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకండి, వోల్టేజీ కాస్త నిలదొక్కుకోనివ్వండి. పిన్ను దూర్చే చోట తడి ఉంటే పూర్తిగా ఆరాకే ఛార్జింగ్. బియ్యంలో పెడితే నూక, పొడి లోపలికి దూరడం తప్ప లాభం లేదు.

5. ఇక తాళాలు

ప్యాటర్న్ గీసేటప్పుడు పక్కవాడు చూసి పట్టేయగలడు. ఆరంకెల పిన్ పెట్టండి, అందులో పుట్టిన సంవత్సరం వద్దు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని విషయం కనబడకుండా చేయండి. లేకపోతే తాళం తీయకుండానే ఓటీపీ చదివేస్తారు.

ఎక్కువమంది వదిలేసేది సిమ్ లాక్. తెరకు ఎంత గట్టి తాళం వేసినా, దొంగ సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకుంటే మీ ఓటీపీలన్నీ అతనికే. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఆన్ చేయండి, అప్పుడు ఏ ఫోనులో వేసినా ఆ సిమ్ పిన్ అడుగుతుంది. ఆన్ చేసేటప్పుడు మొదట సిమ్ కంపెనీ పెట్టిన పిన్ అడుగుతుంది. దాన్ని ఊహించి కొట్టకుండా కస్టమర్ కేర్‌ను అడగండి, తర్వాత మీ సొంత పిన్‌కు మార్చుకోండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే, అంటే సిమ్‌ను తిరిగి తెరిచే కోడ్, అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

తర్వాత, పోయిన ఆండ్రాయిడ్ ఫోనును దూరం నుంచే వెతికి లాక్ చేసే గూగుల్ ఫైండ్ హబ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పాత ఫోనుల్లో దాని పేరు ఫైండ్ మై డివైస్. ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి ఒకసారి వెతికి చూస్తే పోయిన రోజు కంగారు ఉండదు. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరును (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కాగితం మీద రాసి రేషన్ కార్డుతో పాటు దాచండి. వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌కు ఐఎంఈఐ ఉండదు, దాని సీరియల్ నంబరు రాసుకోండి.

6. పోతే ఏ వరసలో?

వేరే ఫోను నుంచి ఫైండ్ హబ్‌లోకి వెళ్ళి లాక్ చేయండి. వెంటనే సిమ్ బ్లాక్ చేయించండి. యూపీఐ ఆపమని బ్యాంకుకు చెప్పండి, డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకున్నాక, ఫిర్యాదు కాపీతో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐని బ్లాక్ చేయించవచ్చు. అప్పుడు వేరే సిమ్ వేసినా దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా అది పనిచేయదు. దొరికితే అదే పోర్టల్‌లో తిరిగి తెరిపించుకోవచ్చు.