లోతు తక్కువ మధ్యధరా అఖాతంలో స్కూబా డైవింగ్ ఎలా చేయాలి?

మాల్టా పక్కనున్న గోజో దీవి దక్షిణ తీరంలో, సున్నపురాతి కొండల మధ్యకు సముద్రం సన్నగా చొచ్చుకొచ్చిన చోటు ఒకటుంది. పేరు ఇమ్‌జార్ ఇష్‌షీని. ఒడ్డున గులకరాళ్లు, మోకాలి లోతు నీళ్లు. అక్కడినుంచి నేల మెల్లగా జారుతూ, పాయ మూతి దగ్గరికి వెళ్లేసరికి 15 మీటర్ల లోతు వస్తుంది. మొదటిసారి డైవ్ చేసేవాళ్లకు ఇలాంటి చోటే మంచిది.

అలాగని లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువే అనుకోవద్దు. నీటి ఉపరితలం మీద ఉండే ఒత్తిడి 10 మీటర్ల లోతుకే రెట్టింపవుతుంది. అది మళ్లీ రెట్టింపు కావాలంటే 30 మీటర్లకు దిగాలి. మార్పంతా పైపైనే ఎక్కువన్నమాట. అందుకే చెవులకు, ఊపిరితిత్తులకు, తేలడాన్ని అదుపు చేయడానికి వేసుకునే జాకెట్‌లోని గాలికి అసలు పరీక్ష ఇక్కడే.

1. ట్రై డైవా, కోర్సా?

సర్టిఫికెట్ లేనివాళ్లు ట్రై డైవ్ చేయొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటారు, 12 మీటర్లు దాటనివ్వరు. ఓపెన్ వాటర్ కోర్సుకు మూడు నాలుగు రోజులు పడుతుంది. 200 మీటర్లు ఈది, 10 నిమిషాలు తేలి చూపించాలి. పాసైతే 18 మీటర్ల వరకు బడ్డీతో, అంటే జతగా దిగే తోటి డైవర్‌తో, కలిసి దిగొచ్చు. ఈత రానివాళ్లకు కూడా ట్రై డైవ్ చేయించేవాళ్లున్నారు. కానీ ముందు మన ఊళ్లోనే ఈత నేర్చుకుని వెళ్లమనే నేను చెబుతాను. నీళ్లంటే టెన్షన్ పడేవాళ్లకు చేపలూ కనిపించవు, ఎంత గాలి మిగిలిందో చూపే చేతిలోని గేజూ కనిపించదు.

ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపమంటారు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం కావాలి. అది బయల్దేరకముందే, ఇంటి దగ్గరే చూపించుకుని తీసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా కవర్ అవుతుందో లేదో కూడా చదవండి.

2. గాలిని చూసి రోజు ఎంచుకోండి

ఇక్కడ ఎక్కువగా వాయవ్యం నుంచి గాలి వీస్తుంది. కొండలు దాన్ని ఆపేస్తాయి కాబట్టి పాయలో నీళ్లు నిలకడగా ఉంటాయి. దక్షిణం, ఆగ్నేయం నుంచి వీచినప్పుడు మాత్రం అలలు నేరుగా లోపలికి వచ్చి నీళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. ఆ రోజు దీవికి ఉత్తరం వైపు వెళ్లడమే మంచిది. పోటుపాట్ల తేడా జానెడే కాబట్టి ఆ లెక్క అక్కర్లేదు. నీళ్ల వేడి ఫిబ్రవరిలో 15 డిగ్రీలు, ఆగస్టులో 26 దాకా ఉంటుంది. నన్నడిగితే సెప్టెంబర్ చివర. నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, లంగరేసే పడవల రద్దీ తగ్గుతుంది.

మాల్టాలోని చిర్‌కెవ్వా రేవు నుంచి ఫెర్రీ సుమారు 25 నిమిషాల్లో ఇమ్‌జార్ హార్బర్‌లో దింపుతుంది. అది వేరే చోటు. డ్రైవర్‌కు ఇష్‌షీని అని కలిపి పూర్తి పేరు చెప్పండి.

3. బరువు సరిచూసుకోండి

చాలామంది తొందరపడి దాటేసే మెట్టు ఇదే. మధ్యధరా సముద్రం మామూలు సముద్రాలకంటే ఉప్పన. లీటరు నీటిలో సుమారు 38 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే మనిషి ఎక్కువ తేలతాడు. మునగడానికి నడుముకు కట్టుకునే సీసపు బరువులు స్విమ్మింగ్ పూల్‌లో సరిపోయినా, వాటికి ఇక్కడ మూడు కిలోల దాకా కలపాల్సి రావచ్చు. వానాకాలం వెళ్లాక మన తీరంలో నదుల నీళ్లు కలిసి ఉప్పు తగ్గుతుంది. కాబట్టి విశాఖ రుషికొండలో అప్పుడు డైవ్ చేసినవాళ్లు ఆ లెక్కనే నమ్ముకోకూడదు. దానికితోడు 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ కూడా పైకి లాగుతుంది.

ఛాతీ లోతు దాటాక జాకెట్‌లో గాలంతా వదిలేసి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపండి. నీళ్లు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మునగాలి. సిలిండర్ నిండుగా ఉంటే మరో రెండు కిలోలు కలుపుకోండి. గాలి ఖర్చయ్యే కొద్దీ సిలిండర్ తేలికవుతుంది. ఇప్పుడు కలపకపోతే చివర్లో నిలవలేక పైకి తేలిపోతారు.

4. దిగడం

జాకెట్, బరువులు, బెల్టులు, గాలి ఒకరివొకరు చూసుకోండి. గులకరాళ్ల మీద కాలు జారుతుంది కాబట్టి బూట్లతో నడిచి, నడుం లోతులో ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఫిన్స్ తొడుక్కోండి. తర్వాత వెనక్కి నడవండి.

తల మునిగిన దగ్గరినుంచే చెవులు సరిచేసుకోవాలి. ముక్కు మూసి మెల్లగా ఊదండి. ప్రతి మీటరుకూ, నొప్పి రాకముందే చేయండి. నొప్పి మొదలైతే బలంగా ఊదొద్దు. మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు ఆపేయండి.

నీళ్ల కింద ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. సిలిండర్ గాలి పీల్చి, బిగబట్టి, మీటరున్నర లోతునుంచి పైకి లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినే అవకాశం ఉంది.

5. అడుగున

ఇసుకకు అరమీటరు పైన, అడ్డంగా ఉండండి. జాకెట్‌లోకి గాలి కొద్దికొద్దిగా నింపి, ఫలితం తెలిసేదాకా ఆగండి. ఆకుపచ్చగా కనిపించేది పోసిడోనియా గడ్డి. నాచు కాదు, పూలు పూసే మొక్క. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది, అందుకే దాని మీద మోకాళ్లు ఆనించొద్దు. రాళ్ల సందుల్లో ఆక్టోపస్ కోసం ఓపిగ్గా చూడండి. గొంగళిపురుగులాంటి ఫైర్‌వర్మ్‌ను మాత్రం ముట్టుకోవద్దు, దాని నూగు గుచ్చుకుంటే మంట పుడుతుంది.

6. గాలి లెక్క, పైకి రావడం

12 లీటర్ల సిలిండర్ 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) మీద ఉంటే అందులో గాలి 2,400 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు వాడేవాళ్లకు 10 మీటర్ల దగ్గర 40 ఖర్చవుతుంది. కంగారు పడితే ఇంకా ఎక్కువ. కాబట్టి 120 బార్ల దగ్గర వెనక్కి తిరిగి, 50 మిగిలుండగా పైకి రండి. నిమిషానికి 9 మీటర్లకంటే వేగం వద్దు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఇక్కడ నేల వాలుగా ఉంది కాబట్టి అడుగు వెంటే తిరుగుతూ ఆ సమయం గడపొచ్చు. పడవలు తిరిగే చోటు, తల పైకెత్తేముందు మార్కర్ బూయ్ (మీరున్న చోటు పడవలకు చూపే తేలే గుర్తు) వదలండి.

ఆ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, తల తిరగడం ఉంటే 112కు ఫోన్ చేసి, డైవ్ చేశామని చెప్పండి. గోజో ఆస్పత్రిలోనే రీకంప్రెషన్ చాంబర్, అంటే మళ్లీ ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది, ఉంది. ఒక్క డైవే అయితే విమానానికి 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు ఆగాలి. చివరి రోజు నీళ్ల జోలికి పోకుండా గోజోలోని విక్టోరియా పట్టణపు కోట చూడటానికి పెట్టుకోండి.