చలికాలంలో గ్లెన్‌కో వెళ్తే పొద్దున్నే ఉత్తరం వైపుకి

స్కాట్లండ్‌లో డిసెంబర్ ఎండ నెత్తి మీద కాదు, నేరుగా కళ్లలో పడుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 10 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పైగా రోడ్డు మీద చల్లే ఉప్పు కారు అద్దానికి తెల్లగా పట్టేస్తుంది. మొదటిసారి గ్లెన్‌కో లోయ పక్కనే ఉన్న రానోక్ మూర్ అనే బీడు మైదానాన్ని దక్షిణం వైపు వస్తూ దాటాను. ముందు బండి లైట్లు తప్ప ఏమీ చూసింది లేదు.

ఈసారి దారి ఉత్తరం వైపుకి తిప్పాం. చీకట్లోనే, 8 గంటలకి గ్లాస్గోలో బయల్దేరి ఏ82 రోడ్డు మీద 10 కల్లా టిండ్రమ్ అనే ఊళ్లో ఆగాం. అద్దం బయటా లోపలా తడిగుడ్డతో తుడిచాం. లోపలి మసకే ఎక్కువ ఇబ్బంది, ఎవరూ పట్టించుకోరు. వైపర్ ట్యాంకులో ఉత్త నీళ్లు పోయకండి, గడ్డకడతాయి. మంచుకి తట్టుకునే స్క్రీన్‌వాష్ పోయండి.

అక్కడి నుంచి గ్లెన్‌కో ఊరికి సుమారు 50 కిలోమీటర్లు, ఎండ చాలావరకు వీపు వెనకే. తుప్పు రంగు గడ్డి, అంచులు గడ్డకట్టిన మడుగులు, చివర్లో కోసుగా లేచిన బుఅఖల్ ఎటివ్ మోర్ కొండ, అన్నీ వెలుగులో కనిపించాయి. డ్రైవ్ చేస్తున్న నాకు కూడా!

అదే రోజు మధ్యాహ్నం వెనక్కి వస్తే మాత్రం ఈ లెక్క తప్పుతుంది, మళ్లీ ఎండ ఎదురే. పొద్దు నాలుగు లోపే గుంకుతుంది కాబట్టి మేం ఫోర్ట్ విలియంలో రాత్రి ఉండిపోయాం. కొండ నీడ పడిన మలుపుల్లో మంచు తడి రోడ్డులాగే కనిపిస్తుంది, అక్కడ స్పీడ్ తగ్గించండి.