ఉప్పునీటి తొట్టి పాఠాలు – 7: ఫెదర్ డస్టర్ పురుగు పోషణ

గత భాగం చివర ఇచ్చిన అభ్యాసాన్ని పూర్తిచేసినవారి దగ్గర ఇప్పటికి వరుసగా కొన్ని వారాల నీటి పరీక్షల ఫలితాలు ఉండాలి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా దగ్గర నిలకడగా ఉండి, తొట్టి మొదలుపెట్టి కనీసం ఆరు నెలలు గడిచివుంటే ఈ పాఠంలోని జీవిని, అంటే గొట్టంలో ఉంటూ ఈకల కిరీటాన్ని పైకి విచ్చుకునే ఫెదర్ డస్టర్ అనే సముద్రపు పురుగును, తెచ్చుకోవచ్చు. అంతకన్నా కొత్త తొట్టి అయితే పాఠం చదివి పెట్టుకోండి గాని, పురుగును మాత్రం అప్పుడే తేవద్దు. కొత్త తొట్టి నీరు అద్దంలా కనిపించవచ్చు. ఆ స్వచ్ఛతే ఈ జీవికి అసలైన ఇబ్బంది, ఎందుకంటే నీటిలో తేలే సూక్ష్మ పదార్థమే దాని తిండి.

ఫెదర్ డస్టర్‌ను సులభంగా పెరిగే జీవుల జాబితాలో చేర్చడం పరిపాటి. తెచ్చిన తొలి నెలల్లో అది నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే ఆకలితో ఉన్న పురుగు తన శరీరంలోని నిల్వలను కరిగించుకుంటూ చాలాకాలం బతకగలదు. ఆ కాలమంతా అది ఎప్పటిలాగే విచ్చుకుంటూ, ముడుచుకుంటూ ఉంటుంది కాబట్టి యజమానికి అనుమానం రాదు. కనుక ఈ పాఠంలో నేర్చుకోవలసిన అసలు విద్య ఒక్కటే: పురుగు తింటున్నదా, క్షీణిస్తున్నదా అన్నది బయటి గుర్తులను బట్టి పోల్చుకోవడం. మిగతావన్నీ ఆ విద్యకు సాయపడే ఏర్పాట్లు.

కిరీటం పనితీరు

మనకు కనిపించేది పురుగు తల భాగం మాత్రమే. వానపాము, జలగ చేరిన అనెలిడా వర్గంలోనిదే ఇది కూడా. ఖండాలుగా ఉండే దాని శరీరం గొట్టంలో దాగివుంటుంది. పైకి విసనకర్రలా విచ్చుకునే కిరీటంలోని ప్రతి ఈకకూ ఇరువైపులా సన్నని పిల్ల ఈకలు, వాటిపై నిరంతరం కదిలే, అతిసన్నని వెంట్రుకల్లాంటి శైలికలు ఉంటాయి. శైలికలు నీటిని కిరీటం గుండా లాగుతాయి. నీటితో వచ్చిన రేణువులు జిగురుకు అంటుకుని, ఈక పొడవునా ఉండే కాలువ గుండా నోటివైపు సాగుతాయి. దారిలో పరిమాణాన్ని బట్టి వాటి వేర్పాటు జరుగుతుంది: అతి సన్నవి నోట్లోకి వెళతాయి, మధ్యరకం రేణువులు గొట్టం కట్టుకోవడానికి పనికివస్తాయి, పెద్దవాటిని పురుగు బయటికి నెట్టేస్తుంది. ఈ వేర్పాటును గుర్తుంచుకోండి, మేత ఎంపిక మొత్తం దీనిపైనే ఆధారపడి ఉంది.

ఆ కిరీటమే మొప్పల పని కూడా చేస్తుంది. అంటే గంటల తరబడి ముడుచుకుని ఉండవలసివచ్చిన పురుగుకు తిండితోపాటు ఊపిరి కూడా తగ్గుతుంది. ఈకలపై వెలుతురు మార్పును పసిగట్టే కంటిచుక్కలు ఉంటాయి. నీడ పడగానే ఆ సంకేతం లావైన నరపు తంతువు గుండా క్షణంలో శరీరమంతా పాకి, పురుగు గొట్టంలోకి లాక్కుంటుంది. మనుషులు పదేపదే నడిచే వైపు అద్దానికి దగ్గరగా దాన్ని పెట్టకూడదని చెప్పడానికి కారణం ఇదే.

అంగళ్లలో దొరికేవి ముఖ్యంగా రెండు కుటుంబాలకు చెందినవి. సాబెల్లిడే కుటుంబపు పురుగులు జిగురుతో మట్టిని, ఇసుకను కలిపి తోలులాంటి మెత్తని గొట్టం కట్టుకుంటాయి. ఇంటి తొట్లలో ఎక్కువగా కనిపించే పెద్ద ఫెదర్ డస్టర్, అంటే సాబెల్లాస్టార్టే జాతి, ఈ కుటుంబానిదే. సెర్పులిడే కుటుంబపువి సున్నపు గొట్టం కట్టుకుంటాయి. కోకో వార్మ్, క్రిస్మస్ ట్రీ వార్మ్ ఇందులోవి. మొదటి రకం చికాకుపడి గొట్టం వదిలేసినా, మళ్లీ కొత్తది అల్లుకోగలదు. రెండో రకానికి సాధారణంగా ఆ అవకాశం లేదు, పైగా దానికి నీటిలో కాల్షియం, క్షారత నిలకడగా ఉండాలి. క్రిస్మస్ ట్రీ వార్మ్ బతికున్న పగడంలో పాతుకుని ఉంటుంది కాబట్టి దాన్ని పోషించడమంటే ముందు ఆ పగడాన్ని పోషించడమే. అందుకు కావలసిన గట్టి వెలుతురు గురించి మనం ఇంకా చదువుకోలేదు. మొదటిసారి పెంచేవారు తోలుగొట్టపు రకంతోనే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఫెదర్ డస్టర్ శరీరంలో పగడాల్లోలాగా వెలుతురుతో ఆహారం తయారుచేసే ఆల్గే ఉండదు కాబట్టి ప్రత్యేక దీపాలతో పని లేదు.

ఎంపిక, తరలింపు

కొనేముందు కిరీటం పూర్తిగా విచ్చుకునే దాకా ఆగి చూడండి. ఈకలు ఒత్తుగా, సమానంగా ఉండాలి, చేతి నీడ పడితే చటుక్కున లోపలికి పోవాలి. గొట్టం బిగువుగా ఉండి, పై అంచు మెత్తగా, కొత్తగా కనిపిస్తే మరీ మంచిది. కిరీటం కనిపించని గొట్టాన్ని, లోపల పురుగు ఉందని ఎంత నమ్మకంగా చెప్పినా, తీసుకోవద్దు.

నీటి వెచ్చదనం 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష సాంద్రత 1.024 నుంచి 1.026, పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. క్షారత 8 నుంచి 11 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం), కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు ఉంటే సున్నపుగొట్టపు రకానికి కూడా సరిపోతుంది. వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న రాగి గురించి. చేపల జబ్బుకు ఎప్పుడైనా రాగి మందు వాడిన తొట్టిలో ఈ పురుగును వేయవద్దు. చేపలు తట్టుకునే మోతాదు కూడా వెన్నెముక లేని జీవులను చంపగలదు, పైగా రాగి రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకి తర్వాత మెల్లగా బయటికి వస్తుంది.

తెచ్చిన సంచిని తొట్టి నీటిపై తేలనిచ్చి వెచ్చదనం సమం కానివ్వండి. తర్వాత పురుగును, సంచి నీటిని ఒక గిన్నెలోకి మార్చి, ముడివేసిన సన్నని గొట్టం ద్వారా తొట్టి నీరు చుక్కలు చుక్కలుగా పడేలా సుమారు గంటసేపు ఉంచండి. రెండు నీళ్ల లవణీయత దగ్గరికి వచ్చిందని రిఫ్రాక్టోమీటరుతో చూసుకున్నాకే తొట్టిలోకి మార్చాలి. మార్చేటప్పుడు పురుగును గాలిలోకి ఎత్తకుండా, చిన్న పాత్రలో నీటితో సహా ముంచి, నీటి అడుగున బయటికి జారనివ్వడం మేలు. కిరీటంలోనో గొట్టంలోనో గాలి బుడగలు చిక్కుకుంటే ఇబ్బందిపడుతుంది. సంచి నీటిని తొట్టిలో పోయవద్దు.

గొట్టం కింది మూడో వంతు ఇసుకలో గాని, రాళ్ల సందులో గాని నిలిచేలా అమర్చండి. గట్టిగా నొక్కి బిగించడం కూడదు. ప్రవాహం మధ్యస్థంగా ఉండాలి: ఈకలు మెల్లగా ఊగుతుంటే సరైన చోటు దొరికినట్టే, ఒకే వైపు వంగిపోతుంటే పంపు దిశ మార్చాలి, అసలు కదలకుండా ఉంటే తిండి దాకా రావడం లేదని అర్థం. కుట్టే పగడాలకు, సముద్రపు అనెమొనీలకు కనీసం జానెడు దూరంలో ఉంచండి.

తోడు చేపల విషయం క్లుప్తంగా చెబుతాను. సీతాకోకచిలుక చేపలు, ఏంజెల్ చేపలు, ట్రిగ్గర్లు, పఫర్లు ఈకలను కొరికేస్తాయి. యారో క్రాబ్ అనే పీత‌కు పురుగులంటే మహా ఇష్టం. క్లౌన్, గోబీ, కార్డినల్ చేపలతో సాధారణంగా పేచీ ఉండదు. రొయ్యల్లో మాత్రం ఒకటి మర్యాదగా ఉంటే మరొకటి ఈకలు పీకుతుంది, అందుకే ఏ రొయ్యకూ ముందుగా హామీ ఇవ్వలేం.

మేత

దుకాణంలో దొరికే గడ్డకట్టిన రొయ్యపిల్లలు, చేపల గుళికలు ఈ పురుగు నోటికి చాలా పెద్దవి. దానికి కావలసింది కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణపు రేణువులు, ముఖ్యంగా ఫైటోప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సూక్ష్మ ఆల్గే. అందులో నానోక్లోరాప్సిస్ అనే రకం కణం సుమారు 2 నుంచి 5 మైక్రాన్లు ఉంటుంది, టెట్రాసెల్మిస్ అంతకంటే పెద్దది. ఒకే రకానికి కట్టుబడకుండా రెండు మూడు రకాల మిశ్రమం ఇవ్వడం మంచిది. సీసాను ఫ్రిజ్‌లో ఉంచండి, వాడేముందు బాగా కలపండి. కుళ్లువాసన వస్తే, ధర గుర్తుకొచ్చినా సరే, పారబోయండి.

మేత వేసే ముందు ప్రోటీన్ స్కిమ్మరును (నురుగుతో నీటిలోని మలినాన్ని తీసే పరికరాన్ని), యూవీ దీపాన్ని ఆపి, వడపోత గుడ్డను తీసేయండి, లేకపోతే మీరు పోసిన మేతలో చాలా భాగాన్ని అవే తినేస్తాయి. నీటిని తిప్పే పంపును మాత్రం ఆపవద్దు, వేగం తగ్గించండి. మేత నీటిలో తేలుతూ ఉండాలి కదా. మేతను తొట్టి నీటితోనే కప్పులో పల్చగా కలిపి, పొడవాటి పిచికారితో కిరీటానికి ప్రవాహం వచ్చే వైపున, ఒక బెత్తెడు దూరంలో, పొగ వదిలినట్టు మెల్లగా వదలండి. నేరుగా ఈకలపై చిమ్మితే పురుగు ముడుచుకుంటుంది, మేత దాన్ని దాటిపోతుంది. అరగంట నుంచి గంట తర్వాత స్కిమ్మరును మళ్లీ నడపండి.

ఎంత వేయాలన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబు కాదు. సీసాపై రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, వారానికి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. ఒకేసారి ఎక్కువగా పోస్తే పురుగు తినగలిగేది తక్కువ, నీటిలో కుళ్లేది ఎక్కువ. ప్రతి వారం నైట్రేట్, ఫాస్ఫేట్ కొలుస్తూ, అవి పెరగనంతవరకు మేతను మెల్లగా పెంచవచ్చు. సీసా మేతతోపాటు తొట్టిలోనే పుట్టే తిండి కూడా ఉంది. చేపలకు బాగా మేత పడే తొట్టిలో రాళ్లపై పేరుకున్న సన్నని మడ్డిని పిచికారితో మెల్లగా రేపితే, దానిలోని బాక్టీరియాతో సహా అది పురుగుకు పనికివస్తుంది. తొట్టిని మరీ కడిగిపెట్టినట్టు ఉంచాలనుకునేవారి దగ్గర ఈ పురుగులు ఎక్కువకాలం నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇక గుర్తులు. తింటున్న పురుగు గొట్టం అంచు దగ్గర నుంచి చిన్నచిన్న మలపు ముద్దలను బయటికి వదులుతుంది. తోలుగొట్టం పై అంచున కొత్త పట్టీ, పాత భాగం కంటే లేత రంగులో, పెరుగుతుంది. కిరీటం వెడల్పు తగ్గదు. మూడింటిలో చివరిదాన్ని కంటితో అంచనా వేయడం కష్టం, ఎందుకంటే రోజూ చూసే మనకు మెల్లని మార్పు తెలియదు. అద్దం బయట స్కేలు పట్టుకుని, అదే కోణం నుంచి వారానికొక ఫొటో తీసిపెట్టుకుంటే దాపరికం ఉండదు.

కిరీటం రాలిపోతే

ఒక ఉదయం కిరీటం ఊడి ఇసుకపై పడివుండవచ్చు. నీరు పాడవడం, లవణీయత ఒక్కసారిగా మారడం, తరలింపు, వేరే జీవి కొరకడం, ఆకలి, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. పురుగు చచ్చిందనుకుని గొట్టాన్ని పారేయవద్దు. రాలిన కిరీటాన్ని మాత్రం కుళ్లకముందే తీసేసి, అమోనియా, లవణీయత పరీక్షించి, రాత్రి ఎర్రటి వెలుతురులో ఎవరైనా పీకుతున్నారేమో గమనించండి. గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో చిన్న కిరీటం మళ్లీ మొలుస్తుంది. మొలిచేదాకా పురుగు సరిగా తినలేదు కాబట్టి పెద్ద మోతాదు మేత అనవసరం. కొత్త కిరీటం కనబడగానే క్రమం తప్పకుండా వేయండి. ప్రతిసారీ ముందటికంటే చిన్న కిరీటం వస్తుంటే ఆకలినే మొదట అనుమానించాలి. గొట్టం చప్పబడి దుర్వాసన వస్తే మాత్రం పురుగు చనిపోయినట్టే, వెంటనే తీసేయండి.

పురుగు గొట్టం వదిలి పూర్తిగా బయటికి వస్తే, తోలుగొట్టపు రకమైతే, సన్నని ఇసుక వేసిన చిన్న గిన్నెలో, చేపలకు అందని చోట, ప్రవాహం తక్కువగా ఉన్న మూలలో ఉంచండి. బలం ఉంటే జిగురుతో కొత్త గొట్టం మొదలుపెడుతుంది.

సూక్ష్మజీవులతో నిండిన సముద్రపు రాయి, అంటే లైవ్ రాక్‌తో పాటు తమంతట తాము వచ్చే చిన్న ఫెదర్ డస్టర్లను గీకి తీయనక్కరలేదు, అవి హానిచేయవు. కానీ గట్టి గొట్టం ఉండి, ఎంత ఎదురుచూసినా కిరీటం కనిపించకుండా, నీటిలోకి జిగురు దారాలు వదులుతున్నది ఉంటే అది పురుగు కాదు, వెర్మెటిడ్ నత్త. దాన్ని పెరగనివ్వకండి.

ఈ భాగపు అభ్యాసం: నాలుగు వారాలపాటు వారానికొక ఫొటో, మేత మోతాదు, నైట్రేట్ అంకె, ఈ మూడింటిని పక్కపక్కనే రాసిపెట్టండి. వచ్చే భాగంలో ఫైటోప్లాంక్టన్‌ను ఇంట్లోనే పెంచడం మొదలుపెడతాం కాబట్టి, రెండు శుభ్రమైన సీసాలు, ఒక గాలి పంపు, దీపం సిద్ధంగా ఉంచుకోండి.