ప్రోటీన్ ఎంచుకోవడం నేర్చుకుందాం - 2వ పాఠం: వెంట వచ్చే కొవ్వు ఎంత?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సరిచూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకి రోజుకు సుమారు 0.8 గ్రాముల ప్రోటీన్ కావాలనుకున్నాం. 65 కిలోల మనిషికి అది 52 గ్రాములు. మీకూ అంతే వచ్చిందంటే ముందుకు వెళ్లొచ్చు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇంకాస్త ఎక్కువ కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టి, డాక్టర్ చెప్పినంతే తినాలి.

ఆ 52 గ్రాములు వేటి నుంచి తెచ్చుకోవాలన్నది ఇవాళ్టి పాఠం. "ఇందులో ప్రోటీన్ ఉందా?" అని అడిగితే చాలా పదార్థాలకు "ఉంది" అనే జవాబే వస్తుంది. దాని వెంట కొవ్వు ఎంత వస్తోందో కూడా అడగాలి. గ్రాము ప్రోటీన్ 4 కేలరీలు ఇస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. పల్లీలనే తీసుకోండి. 100 గ్రాముల్లో 26 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, చూడగానే బలమైన అంకె. కానీ కొవ్వు 49 గ్రాములు. మొత్తం 567 కేలరీల్లో ప్రోటీన్ వాటా ఐదో వంతు కూడా లేదు.

అందుకని ఇలా చేయండి. 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో, కొవ్వు ఎంతో పక్కపక్కన రాసుకోండి. ప్రోటీన్ అంకె కొవ్వు అంకెకు కనీసం మూడింతలు ఉంటే దాన్ని తక్కువ కొవ్వు ప్రోటీన్ అనుకుందాం. ఈ మూడింతల గీత ఎవరూ చేసిన చట్టం కాదు, సాధన కోసం నేను పెట్టింది.

స్కిన్ తీసి వండిన చికెన్ బ్రెస్ట్‌లో 31 గ్రాముల ప్రోటీన్‌కి 3.6 గ్రాముల కొవ్వు, సులువుగా పాస్. అదే కోడిలో స్కిన్‌తో వండిన తొడ ముక్కలో సుమారు 25కి 15, కాబట్టి పాస్ కాదు. "చికెన్ తింటున్నాం" అంటే చాలదు, ఏ ముక్క అన్నది కూడా చూడాలి. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్‌కు 5 గ్రాముల కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వంతా పచ్చసొనలోదే. తెల్లసొనలో కొవ్వు దాదాపు లేదు. మామూలు ఆవు పాలలో రెండూ మూడు గ్రాముల పైచిలుకు, సమానం. వెన్న తీస్తే ప్రోటీన్ అలాగే ఉండి కొవ్వు పోతుంది. నూనె తీసిన సోయాతో చేసే మీల్‌మేకర్ ఎండుగా ఉన్నప్పుడు 52 గ్రాముల దాకా ప్రోటీన్ ఇస్తుంది, కొవ్వు నామమాత్రం.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది, నెమ్మదిగా చదవండి. ఎండు పప్పులో 100 గ్రాములకు సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఉడికించాక అదే 100 గ్రాములు తూస్తే 9 మాత్రమే. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, నీళ్లు చేరి బరువు పెరిగిందంతే. ఎండు పప్పు అంకెను వండిన చికెన్ అంకె పక్కన పెట్టి పోల్చడం తప్పు. రెండూ వండినవే పోల్చాలి, లేదా రెండూ వండనివే. ఉడికిన పప్పులో కొవ్వు అర గ్రాము కూడా ఉండదు, పైగా 8 గ్రాముల దాకా పీచు దొరుకుతుంది. ఆ పీచు మాంసంలో అసలు ఉండదు. రోజువారీ భోజనానికి పప్పుకే నా ఓటు. శనగలు, రాజ్మా కూడా ఈ దారిలోవే.

గీత దాటనివన్నీ చెడ్డవని మాత్రం అనుకోవద్దు. సాల్మన్ లాంటి కొవ్వు చేపలు, పల్లీలు, బాదం మన పరీక్షలో ఫెయిలవుతాయి. అయినా వాటిలో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వే, గుండెకు మేలు చేసేది. వాటిని కొద్ది కొద్దిగా తినండి, మానేయకండి. సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం సంగతి వేరు. సంతృప్త కొవ్వు, ఉప్పు రెండూ ఎక్కువ. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. వీటిని రోజువారీ ప్రోటీన్‌గా లెక్కలోకే తీసుకోకండి.

ఇంత జాగ్రత్తగా ఎంచుకుని కూడా పొయ్యి దగ్గర పోగొట్టుకోవచ్చు. ఒక పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 14 గ్రాముల కొవ్వు, 120 కేలరీలు. నాలుగు చిన్న బ్రెస్ట్ ముక్కల్లో కూడా అంత కొవ్వు ఉండదు. నూనె సీసా నుంచి నేరుగా వంచకుండా చెంచాతో కొలిచి పోయండి.

ఇక అభ్యాసం. మూడు ప్యాకెట్లున్నాయి. మొదటిదానిపై 100 గ్రాములకు ప్రోటీన్ 10, కొవ్వు 0.4 అని ఉంది. రెండోదానిపై 100 గ్రాములకు 9, 10. మూడోదానిపై 30 గ్రాముల వడ్డనకు 7, 2.5. మూడోదాన్ని ముందు 100 గ్రాములకు మార్చండి, ఆ తర్వాత మూడింతల గీతను ఏవి దాటాయో రాయండి. మూడోదానికి అసలు ఆ మార్పిడి అవసరమా, ఎందుకు, అన్నది కూడా ఆలోచించి ఒక వాక్యంలో చెప్పండి. జవాబులు 3వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో ధాన్యాలు, పప్పులు ఒకదాని లోటు ఇంకొకటి ఎలా తీరుస్తాయో చూద్దాం.