కట్ట మీద నా రాయి

నాకు ఆటిజం. కొత్త చోటంటే టెన్షన్. అందుకే పిట్టల్ని, పురుగుల్ని, పూలను చూడ్డానికి నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం చెరువు కట్ట మీద ఒకే రాయి ఎంచుకున్నాను. మీరూ ముందు ఒక చోటు పట్టండి. రోజూ అదే వేళకు వెళ్లండి, అరగంట చాలు. బండ్ల హారన్లు మొదలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, పిట్టలు అప్పుడూ కనిపిస్తాయి. "ఏం చూస్తున్నవ్ బిడ్డా?" అని ఎవరైనా అడిగితే "పిట్టల్ని, తాతా" అంటే సరి. ఆయన కళ్లలోకి చూడక్కర్లేదు.

నోటుబుక్కులో తేదీ పక్కనే కార్తె రాయండి. మృగశిర జూన్ 8 దగ్గర, ఆరుద్ర 22 దగ్గర వస్తాయి. తొలి వానలకు మట్టి మీద ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి, ఎర్ర మఖమల్ ముక్కల్లా. కాళ్లు లెక్కపెట్టండి: ఎనిమిది. అంటే సాలీడుకు చుట్టాలు. పట్టుకోవద్దు, నేల మీద చెయ్యి పెట్టి ఆగండి, అదే ఎక్కుతుంది.

వానాకాలమంతా నాకు గిజిగాళ్లే పని. మగది గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడది వచ్చి చూసి, నచ్చితేనే మిగతాది. సగం గూళ్లు, నిండు గూళ్లు విడివిడిగా లెక్కరాయండి. నిరుడు పదకొండో గూడు దగ్గర ఫోన్ మోగి లెక్క తప్పింది, ఏడ్చేశాను. ఇప్పుడు ఫోన్ సైలెంట్‌లోనే.

మోదుగ ఫిబ్రవరి, మార్చిలో, తంగేడు బతుకమ్మ నాటికి. మొదటి పువ్వు తేదీ చాలు.

పాలపిట్ట కరెంటు తీగ మీద ఉంటే మట్టిరంగులా ఉంటుంది, ఎగిరితేనే ఆ నీలం. దసరా రోజు జనం ఎక్కువ. నేను ముందురోజే చూసొస్తాను.