పాలిటిక్స్ డిగ్రీకి యూకాస్ పర్సనల్ స్టేట్‌మెంట్: మూడు ప్రశ్నలకు జవాబు ఎలా రాయాలి

బ్రిటన్‌లో డిగ్రీ కోర్సులకు దరఖాస్తులు చాలావరకు యూకాస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారానే వెళ్తాయి. ఒక్క దరఖాస్తులో గరిష్ఠంగా 5 కోర్సులు ఎంచుకోవచ్చు. అయితే ఆ ఐదింటికీ వెళ్లే, మీ గురించి మీరే రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్ ఒక్కటే. మీరు ఇంకెక్కడ దరఖాస్తు పెట్టారో ఏ యూనివర్సిటీకీ ఆ దశలో కనిపించదు. అందుకే ఫలానా యూనివర్సిటీ పేరెత్తి పొగిడితే మిగతా నాలుగు చోట్లా దెబ్బ తింటారు.

2026లో చేరేవారి నుంచి పద్ధతి మారింది. ఇంతకుముందు ఒకటే పొడవాటి వ్యాసం ఉండేది, ఇప్పుడు మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబివ్వాలి. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు? ఇప్పటిదాకా చదివిన చదువు దీనికి ఎలా సిద్ధం చేసింది? చదువు బయట ఇంకేం చేశారు, అది ఎందుకు పనికొస్తుంది? ఒక్కో జవాబుకు కనీసం 350 క్యారెక్టర్లు, మూడూ కలిపి 4,000 మించకూడదు. ఖాళీలు, కామాలు, చుక్కలు అన్నీ లెక్కలోకే వస్తాయి. పాత నమూనాలు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. వాటి అమరిక ఇప్పుడు అక్కరకు రాదు.

అసలు బరువంతా మొదటి ప్రశ్న మీదే. నన్నడిగితే మొత్తం స్థలంలో దగ్గరదగ్గర సగం దీనికే ఇవ్వొచ్చు. పాలిటిక్స్‌కు రాసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఎన్నికల ప్రసంగం మొదలుపెడతారు: ‘చిన్నప్పటి నుంచి రాజకీయాలంటే ఇష్టం, సమాజాన్ని మార్చాలన్నది నా కల.’ దరఖాస్తు చదివే ట్యూటర్‌కు (యూనివర్సిటీ అధ్యాపకుడికి) ఇందులో తెలిసేది ఏమీ లేదు. సమాజాన్ని మార్చడం మంచిదే, కానీ ఈ డిగ్రీలో నేర్పేది సమాజం ఎందుకు అలా నడుస్తోందో విడమర్చి చూడడం. ఆ పని మీరు ఇప్పటికే మొదలుపెట్టారని చూపించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2024 బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల్లో రిఫార్మ్ యూకే పార్టీకి 14.3 శాతం ఓట్లు పడితే వచ్చినవి 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్ల పార్టీకి 12.2 శాతం ఓట్లకే 72 సీట్లు. ‘ఇది అన్యాయం’ అని రాసి ఆపేస్తే అది అభిప్రాయం. ఒకరి ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి, మరొకరివి కొన్ని నియోజకవర్గాల్లో చిక్కగా పడ్డాయి, నియోజకవర్గానికి ఒక్కరే గెలిచే పద్ధతిలో రెండోదే లాభం అని రాస్తే అది విశ్లేషణ. ఇంకో మెట్టు ఎక్కాలంటే 2011 రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) గుర్తుచేయండి. ఓటింగ్ పద్ధతి మార్పును దాదాపు 68 శాతం మంది కాదన్నారు. కానీ అప్పుడు ముందు పెట్టిన ప్రత్యామ్నాయ ఓటు విధానం (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే పద్ధతి) దామాషా పద్ధతి, అంటే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇచ్చేది, కాదు. కాబట్టి జనం దామాషానే తిరస్కరించారని అనలేం. ఇలా మీ వాదనకు మీరే ఒక అడ్డుప్రశ్న వేసుకున్న వాక్యం దగ్గర ట్యూటర్ తప్పకుండా ఆగి చూస్తారు.

పార్టీ అభిమానం దాచుకోనక్కర్లేదు. ఎదుటి పక్షం వాదనలో బలమైన భాగం ఏదో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు. చదవని పుస్తకాల పేర్లు మాత్రం పేర్చవద్దు, ఇంటర్వ్యూ ఉండే చోట మొదటి ప్రశ్న దాని మీదే రావచ్చు.

రెండో ప్రశ్నకు మార్కులు మళ్లీ ఏకరువు పెట్టొద్దు, అవి దరఖాస్తులో వేరే చోట ఉంటాయి. పాలిటిక్స్ సబ్జెక్టుగా చదవకపోయినా ఏం కాదు. చరిత్రలో ఒకే ఘటనపై రెండు ఆధారాలకు ఎందుకు పొంతన కుదరలేదో తేల్చిన అసైన్‌మెంట్, గణాంకాల్లో శాంపిల్ చిన్నదైతే సర్వే ఎలా తప్పుదారి పట్టిస్తుందో నేర్చిన పాఠం లాంటివి ఒకటో రెండో చాలు.

మూడోదాంట్లో పదవుల జాబితా కంటే గమనింపు ముఖ్యం. స్థానిక కౌన్సిల్ సమావేశాలకు మామూలు జనం కూడా వెళ్లి కూర్చోవచ్చు. ఒక రోడ్డు మీద పార్కింగ్ గురించి గంటసేపు నడిచిన చర్చలో ఎవరి మాట నెగ్గింది, ఎందుకు? పార్లమెంటు వెబ్‌సైట్‌లో పిటిషన్‌కు 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. అలాంటి పిటిషన్ ఒకదాన్ని చివరిదాకా వెంబడించి చూసినా రాయడానికి సరుకు దొరుకుతుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవడం కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. మూడు జవాబులనూ కలిపే చదువుతారు కనుక ఒకచోట చెప్పింది ఇంకోచోట మళ్లీ చెప్పి క్యారెక్టర్లు వృథా చేసుకోవద్దు.

ఐదు ఎంపికల్లో కొన్ని పాలిటిక్స్, కొన్ని అంతర్జాతీయ సంబంధాలు, ఒకటి పీపీఈ (తత్వశాస్త్రం, రాజకీయాలు, ఆర్థికశాస్త్రం కలిసిన డిగ్రీ) అయితే? అన్నింటికీ సరిపడే ఉదాహరణలు ఎంచుకోవాలి. పీపీఈ ఉంటే తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం వాసన కూడా తగలాలి. మరీ దూరపు కోర్సులు కలిపితే స్టేట్‌మెంట్ ఎటూ కాకుండా పోతుంది.

రాసింది మీదే కావాలి. యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నూ పాతవాటితో పోల్చి చూస్తుంది, పోలికలు ఎక్కువగా దొరికితే యూనివర్సిటీలకు తెలియజేస్తుంది. ఏఐతో రాయించి సొంతదిగా పెట్టడమూ కాపీ కిందికే వస్తుంది.

ఇక పంపే పని. విడిగా ఒక డాక్యుమెంట్‌లో రాసుకుని, తర్వాతే యూకాస్ హబ్‌లో (ఆన్‌లైన్ దరఖాస్తు నింపే చోట) అతికించండి. బోల్డ్, ఇటాలిక్ అక్కడ నిలవవు. మీ టీచర్ లాంటివారు మీ గురించి రాసిచ్చే రెఫరెన్స్ కూడా జతకావాలి, బంధువులూ స్నేహితులూ ఇస్తే చెల్లదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు గడువు అక్టోబర్ 15 (ఒకే ఏడాది రెండింటికీ పెట్టలేరు). మిగతా చాలా కోర్సులకు జనవరి మధ్యలో ఉంటుంది. 2026 చేరికకు అది జనవరి 14, బ్రిటన్ సమయం సాయంత్రం 6 గంటలుగా ఉండేది, ఫీజు 28.95 పౌండ్లు ఉండేది. పంపాక స్టేట్‌మెంట్‌లో ఒక్క అక్షరం కూడా మార్చుకోలేరు, అందుకని పంపే ముందు రోజు కాగితం మీద ప్రింట్ తీసి ఒకసారి బయటికి చదవండి.